ట్యాంకులో నీళ్లు పోసిందెవరు?

పంక్చర్ షాపులో కంప్రెసర్ ట్యాంకు అడుగున చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. పొద్దున్నే దాన్ని తిప్పితే బుస్సుమంటూ ముందు నీళ్లు వస్తాయి, ఆ తర్వాతే గాలి. ఆ నీళ్లు తేటగా ఉండవు. తుప్పు రంగులో, పైన నూనె తెట్టుతో ఉంటాయి. ఆ ట్యాంకులో ఎవరూ చుక్క నీరు పోయలేదు. దానికి నీటి గొట్టం కూడా లేదు. లోపలికి వెళ్లింది షాపు ముందున్న గాలి ఒక్కటే.

ఇంకో విచిత్రం ఉంది. అదే యంత్రం, అదే పని, అయినా జనవరిలో కొద్దిగా వచ్చే నీరు ఆగస్టులో పొంగిపొర్లుతుంది. యంత్రంలో ఏదో లోపం ఉందనుకుని మెకానిక్‌ను పిలిపించేవాళ్లూ ఉంటారు. యంత్రం మాత్రం బాగానే ఉంటుంది. గాలిని కుదించే ప్రతి చోటా నీరు పుడుతుంది. కార్లకు రంగు వేసే షెడ్డులో, రైలు ఇంజనులో, మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో కూడా ఇదే నీటితో పోరాటం.

ఈ నీరు పుట్టకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. అది ఎక్కడ పడాలో మాత్రం మనం నిర్ణయించవచ్చు. మనం నిర్ణయించకపోతే గొట్టాలూ పనిముట్లూ నిర్ణయిస్తాయి, అదీ మనకు బాగా నష్టం జరిగే చోట.

గదిలో ఒక లీటరు

మన చుట్టూ ఉన్న గాలి ఎప్పుడూ పూర్తిగా పొడిగా ఉండదు. అందులో నీరు కంటికి కనిపించని ఆవిరి రూపంలో కలిసి ఉంటుంది. ఒక చోట ఎంత ఆవిరి ఇమడగలదన్నది అక్కడి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు చోటులో దాదాపు 17 గ్రాముల ఆవిరి పడుతుంది. 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు. అంటే పది డిగ్రీలు పెరిగేసరికి సామర్థ్యం ఒకటిన్నర రెట్లు దాటుతోంది.

కాకినాడలోనో విశాఖలోనో ఉక్కపోసే రోజు తీసుకుందాం. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, తేమ 70 శాతం. అప్పుడు ప్రతి ఘనపు మీటరు గాలిలో సుమారు 28 గ్రాముల నీరు ఉంటుంది. పదడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలోని గాలి మొత్తాన్నీ పిండగలిగితే దాదాపు లీటరు నీళ్లొస్తాయి.

ఆ ఆవిరి ఎప్పుడు బయటపడుతుంది? గాలి చల్లబడినప్పుడు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చుట్టూ నీటి చుక్కలు పట్టేది అందుకే. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. మనం తీసుకున్న ఉక్కపోత గాలికి అది 29 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉన్న ఏ వస్తువును తాకినా ఆ గాలి దాన్ని తడుపుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒక చోట పట్టే ఆవిరి ఎంతన్నది ఆ చోటు పరిమాణాన్నీ, ఉష్ణోగ్రతనూ బట్టి ఉంటుంది. అక్కడ గాలి ఎంత కిక్కిరిసి ఉందన్నదానితో దానికి దాదాపు సంబంధం లేదు. పందొమ్మిదో శతాబ్దం తొలి సంవత్సరాల్లో మాంచెస్టర్‌లో జాన్ డాల్టన్ చేసిన ప్రయోగాలతో ఈ విషయం తేటపడింది. కంప్రెసర్ నీటి చిక్కుముడి మొత్తం ఈ ఒక్క సూత్రంతో విడిపోతుంది.

ఎనిమిది బస్సుల జనం, ఒక్క బస్సు

షాపులో మీటరు 100 పౌండ్లు చూపిస్తోందంటే ఒత్తిడి దాదాపు 7 బార్ అన్నమాట. అక్కడిదాకా చేరాలంటే బయటి గాలిని ఎనిమిదో వంతు చోటులోకి కుదించాలి. ఎనిమిది ఘనపు మీటర్ల గాలి ఒక్క ఘనపు మీటరులో సర్దుకుంటుంది. దానితో పాటు ఎనిమిది ఘనపు మీటర్ల ఆవిరీ వచ్చి చేరుతుంది.

ఎనిమిది బస్సుల్లోని ప్రయాణికులందర్నీ ఒకే బస్సులోకి ఎక్కించారనుకుందాం. ఈ బస్సులో నిలబడి ప్రయాణించడానికి వీల్లేదు, సీటున్నవాళ్లకే చోటు. సీట్లు నిండాక మిగిలినవాళ్లు దిగాల్సిందే. ఆవిరి విషయంలో దిగడమంటే నీటి బొట్టుగా మారడం. ఈ బస్సుకు ఒక ప్రత్యేకత కూడా ఉంది. వేడెక్కితే సీట్లు పెరుగుతాయి, చల్లబడితే తగ్గుతాయి. ఎంతమంది దిగుతారు అన్నది ఎక్కినవాళ్ల సంఖ్యనూ, మిగిలిన సీట్లనూ బట్టి తేలుతుంది. ఎక్కడ దిగుతారు అన్నది మాత్రం బస్సు ఎక్కడ చల్లబడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

▪ బాక్స్: ఒక రోజులో ఎంత నీరు? ▪

బయటి గాలి 35 డిగ్రీలు, తేమ 70 శాతం: ఘనపు మీటరుకు 28 గ్రాముల ఆవిరి.

అలాంటివి 8 ఘనపు మీటర్లు: సుమారు 220 గ్రాములు.

కుదించి, 40 డిగ్రీలకు చల్లార్చాక మిగిలిన ఒక ఘనపు మీటరులో పట్టేది: 51 గ్రాములు.

నీరుగా మారేది: సుమారు 170 గ్రాములు.

నిమిషానికి 10 ఘనపుటడుగుల గాలినిచ్చే చిన్న షాపు కంప్రెసర్‌కు ఇది గంటకు మూడున్నర వందల గ్రాములు దాటుతుంది. మోటారు రోజుకు నాలుగు గంటలు తిరిగితే దాదాపు లీటరున్నర.

నిమిషానికి 100 ఘనపుటడుగుల ఫ్యాక్టరీ కంప్రెసర్‌కు గంటకు మూడున్నర లీటర్లు, ఎనిమిది గంటల షిఫ్టుకు సుమారు 28 లీటర్లు. అంటే దాదాపు రెండు బకెట్లు.

జనవరిలో హైదరాబాద్‌లో 20 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న రోజున అదే లెక్క వేసి చూడండి. గాలి 25 డిగ్రీలకు చల్లారినా 170 గ్రాములకు బదులు 45 గ్రాములే దిగుతాయి. వానాకాలపు నీటిలో అది దాదాపు నాలుగో వంతు. యంత్రం మారలేదు, గాలి మోసుకొచ్చిన సరుకు మారింది.

నొక్కినప్పుడు కాదు, చల్లారినప్పుడు

కుదించగానే ఆవిరి దిగిపోవాలి కదా, మరి నీరు కంప్రెసర్ సిలిండర్‌లోనే ఎందుకు నిండదు? కుదించడం వల్ల గాలి వేడెక్కుతుంది కాబట్టి. సైకిల్ పంపు గబగబా కొట్టాక దాని అడుగు పట్టుకుంటే చేతికి తెలిసే వేడి ఇదే. ఒకే దఫాలో కుదించే పిస్టన్ కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి 150 డిగ్రీలు కూడా దాటవచ్చు. లోపల నూనె చిమ్మే స్క్రూ కంప్రెసర్‌లో అది సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడిలో సీట్లకు కొదవ లేదు. అందరూ హాయిగా కూర్చునే ఉంటారు.

కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది. 29 డిగ్రీల దగ్గర డ్యూ పాయింట్ ఉన్న గాలిని ఎనిమిదో వంతుకు కుదించాక దాని కొత్త డ్యూ పాయింట్ దాదాపు 70 డిగ్రీలు. అంటే 70 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి ఇనుప గోడా ఆ గాలికి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాతో సమానమే. మనం వేడిగా ఉందని చెయ్యి తీసేసుకునే గొట్టం లోపల కూడా నీరు పడుతూనే ఉంటుంది.

దీనివల్ల పెద్ద యంత్రాలకు ఇంకో చిక్కు. అవసరానికి మించిన సైజు స్క్రూ కంప్రెసర్ కొంటే అది కాసేపు తిరిగి ఆగిపోతుంటుంది. లోపలి నూనె ఆ 70 డిగ్రీలు దాటేంత వేడెక్కదు. ఆవిరి గాలితో పాటు బయటికి పోకుండా యంత్రంలోనే నీరై నూనెలో కలుస్తుంది. జిడ్డు పలచబడి బేరింగులు పాడవుతాయి. పెద్దది కొంటే మన్నుతుందన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు.

ఫిల్టర్ గురించిన అపోహ కూడా ఇక్కడే తొలగించుకోవాలి. స్ప్రే గన్‌కు ముందు పెట్టే గిన్నె ఫిల్టర్ గాలిని గిరగిరా తిప్పి నీటి బొట్లను బయటికి విసిరేస్తుంది. బొట్లుగా మారినవాటినే పట్టగలదు, ఆవిరిని పట్టలేదు. గాలి ఇంకా వేడిగా ఉండగానే కంప్రెసర్ పక్కన ఫిల్టర్ బిగిస్తే ఆవిరి దానిలోంచి నింపాదిగా దాటిపోయి, తర్వాతి పాతికడుగుల గొట్టంలో నీరవుతుంది. ఫిల్టర్ పెట్టినా నీళ్లొస్తున్నాయని చెప్పేవాళ్ల ఫిర్యాదులో చాలాసార్లు తప్పు ఫిల్టర్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

ఒక్క బొట్టు చేసే పని

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల రంగు వేసే పనివాళ్లకు ఈ నీటి విలువ బాగా తెలుసు. గన్‌లోంచి రంగుతో పాటు ఒక్క నీటి బొట్టు చిమ్మినా తళతళలాడాల్సిన పూత మీద బొబ్బ లేస్తుంది. నూనె కూడా కలిస్తే చేపకన్ను లాంటి గుంట పడుతుంది. ఆ తలుపు మొత్తాన్నీ రుద్ది మళ్లీ వేయాలి.

రైల్లో సంగతి మరింత తీవ్రమైంది. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ పేటెంటు తీసుకున్నప్పటి నుంచి ఎన్నో రైళ్లను ఆపుతున్నది కంప్రెసర్ గాలే. మన రైళ్లలో పెట్టెలన్నిటి కిందుగా సాగే బ్రేకు పైపులో 5 కిలోల ఒత్తిడి ఉంచుతారు. అది తగ్గితే బ్రేకు పడుతుంది. ప్రతి పెట్టెలోనూ ఆ ఒత్తిడి తేడాను పసిగట్టే వాల్వుకు సన్నని రంధ్రాలుంటాయి. నీరు, అది తెచ్చే తుప్పు పొడి ఆ రంధ్రాల్లో చేరితే బ్రేకు పట్టాల్సినప్పుడు పట్టదు, వదలాల్సినప్పుడు వదలదు. మంచు కురిసే చోట్ల ఆ నీరు గడ్డకడుతుంది కూడా. అందుకే ఇంజనుల్లో గాలిని ఆరబెట్టే డ్రయర్లు అమర్చారు.

మందుల ఫ్యాక్టరీల్లో పొడులను గొట్టాల్లో తరలించడానికీ, మాత్రల మీద పూత చల్లడానికీ ఇదే గాలి వాడతారు. తడి తగిలితే పొడి ఉండకడుతుంది, సూక్ష్మజీవులకు ఆసరా దొరుకుతుంది. గాలితో నడిచే బిగింపు గన్‌లలో నీరు గ్రీజును కడిగేసి లోపలి భాగాలను అరగదీస్తుంది.

నీళ్లలో నొక్కితే పొడి గాలి!

ఈ శాస్త్రాన్నంతటినీ ఒకే చోట చూపించిన కట్టడం కెనడాలో ఉంది. ఒంటారియో రాష్ట్రంలో కోబాల్ట్ పట్టణం చుట్టూ వెండి గనులుండేవి. వాటిలో రాయిని తొలిచే యంత్రాలకు గాలి కావాల్సి వచ్చేది. 1910లో చార్లెస్ టేలర్ అనే ఇంజనీరు అక్కడి మాంట్రియల్ నది మీద, ర్యాగెడ్ చూట్స్ అనే చోట, కదిలే భాగాలు దాదాపు ఏమీ లేని కంప్రెసర్ కట్టాడు.

నది నీరు సుమారు 350 అడుగుల లోతైన బావిలోకి దూకుతూ తనతో పాటు గాలి బుడగలను లాక్కెళ్లేది. కిందికి పోయే కొద్దీ పైనున్న నీటి బరువు బుడగల్ని నొక్కేది. అడుగున వెడల్పాటి సొరంగంలో నీటి వేగం తగ్గగానే బుడగలు పైకి తేలి, కప్పు కింది గదిలో ఒత్తిడి గాలిగా పోగయ్యేవి. ఆ గాలి అక్కడి నుంచి గొట్టాల ద్వారా గనులకు వెళ్లేది. నీరు మరో బావి గుండా పైకెక్కి, ప్రవాహంలో కింది భాగాన మళ్లీ నదిలో కలిసేది. ఇది దాదాపు 70 ఏళ్లు పనిచేసింది.

నీళ్లలో మునిగి వచ్చిన గాలి తడిసి ముద్దై ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగింది దానికి తలకిందులు. కుదించేటప్పుడు పుట్టే వేడినంతా చల్లని నది నీరు ఎప్పటికప్పుడు లాగేసుకుంది. అందువల్ల గాలి వేడెక్కనే లేదు, సీట్లు పెరగనే లేదు. బుడగ చిన్నదవుతున్న కొద్దీ అందులోని ఆవిరి చుట్టూ ఉన్న నీటిలోకే దిగిపోయింది. గనికి చేరి మళ్లీ విచ్చుకున్నాక ఆ గాలి బయటి గాలికంటే పొడిగా ఉండేది. పాఠం స్పష్టం: తడిని వదిలించేది చల్లదనం, పైగా ఆ చల్లదనం తొలి అడుగులోనే దొరకాలి.

నీటికి చోటు చూపించాలి

నేటి యంత్రాల్లో ఆ పని ఆఫ్టర్ కూలర్ చేస్తుంది. కంప్రెసర్‌లోంచి వచ్చిన వేడి గాలిని రేడియేటర్ లాంటి గొట్టాల్లోంచి పంపి, బయటి ఉష్ణోగ్రత కంటే ఓ పది డిగ్రీలు ఎక్కువ ఉండేదాకా చల్లారుస్తారు. నీటిలో ఎక్కువ భాగం ఇక్కడే పడిపోతుంది. దాన్ని విడదీసే గిన్నె వెంటనే ఉండాలి. ఆ తర్వాత ట్యాంకు. అక్కడ గాలి నెమ్మదిస్తుంది, ఇనుప గోడలకు తగిలి మరికొంత చల్లారుతుంది. అందుకే ట్యాంకు ఎండలో కాక నీడలో ఉండాలి. కంప్రెసర్ గాలి పీల్చుకునే చోటు బండ్లు కడిగే చోటికి పక్కనే ఉంటే కోరి నీటిని ఆహ్వానించినట్టే.

గొట్టాలు వేయడంలోనూ పద్ధతి ఉంది. ప్రధాన గొట్టం గాలి వెళ్లే వైపుకు నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉండాలి. చివర కిందికి దిగే ముక్క పెట్టి, దానికి డ్రెయిన్ వాల్వు బిగించాలి. పనిముట్లకు వెళ్లే పాయలను ప్రధాన గొట్టం పైభాగం నుంచి తీసి, మెడ వంచినట్టు కిందికి తిప్పాలి. అడుగు నుంచి తీస్తే గొట్టంలో పారే నీరంతా నేరుగా గన్‌లోకి దిగుతుంది. ఈ ఏర్పాటుకు అదనపు ఖర్చు దాదాపు ఉండదు, కావాల్సింది ముందుచూపే.

గాలిని ఆరబెట్టే రెండు దారులు

ఇంత చేసినా 40 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 51 గ్రాముల ఆవిరిని మోస్తూనే ఉంటుంది. ఇంకా పొడిగా కావాలంటే డ్రయర్ ఉండాలి.

మొదటి రకం ఫ్రిజ్ సూత్రంతో పనిచేస్తుంది. గాలిని 3 డిగ్రీల దాకా చల్లబరిచి, దిగిన నీటిని తీసేస్తుంది. అప్పుడు ఘనపు మీటరుకు 6 గ్రాములే మిగులుతాయి. ఇంకా కిందికి ఎందుకు వెళ్లరంటే, సున్నా దాటితే నీరు లోపలే మంచుగడ్డై దారి మూసేస్తుంది. ఇందులో చక్కటి ఏర్పాటు ఒకటుంది. చల్లబడి బయటికి వెళ్లే గాలి, లోపలికి వచ్చే గాలిని ముందుగానే కొంత చల్లారుస్తుంది. ఆ క్రమంలో తాను వెచ్చబడుతుంది. కరెంటు ఆదా అవుతుంది, బయటి గొట్టానికి చెమట పట్టదు.

రెండో రకంలో తేమను పీల్చే గుళికలుంటాయి. కొత్త చెప్పుల పెట్టెలో, మందు సీసాలో కనిపించే సిలికా జెల్ ఆ జాతిదే. పరిశ్రమల్లో యాక్టివేటెడ్ అల్యూమినా ఎక్కువగా వాడతారు. రెండు స్తంభాల నిండా గుళికలుంటాయి. ఒకటి గాలిని ఆరబెడుతుంటే, రెండోదాన్ని అప్పటికే ఆరిన గాలిలో కొంత వదిలి ఆరబెడతారు. తర్వాత పాత్రలు మారతాయి. ఇలా డ్యూ పాయింట్‌ను మైనస్ 40 డిగ్రీలకు తేవచ్చు. అక్కడ ఘనపు మీటరులో మిగిలే ఆవిరి గ్రాములో ఎనిమిదో వంతు మాత్రమే. దానికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. వేడి వాడని రకాల్లో తయారైన గాలిలో దాదాపు 15 శాతం ఈ ఆరబెట్టడానికే పోతుంది.

ఆగి ఉన్న కొత్త బస్సో లారీయో ఉన్నట్టుండి ‘ప్స్స్’ అని ఊపిరి వదలడం వినే ఉంటారు. బ్రేకు ట్యాంకులు నిండగానే, దాని డ్రయర్‌లోని గుళికలు పీల్చుకున్న తేమను వెనక్కి ఊదేసే చప్పుడది. ఆ గుళికల డబ్బాను సమయానికి మార్చకపోతే చప్పుడు వస్తూనే ఉంటుంది, తేమ మాత్రం బ్రేకుల్లోకి వెళ్లిపోతుంది.

▪ బాక్స్: ఎవరికి ఎంత పొడి గాలి? ▪

టైర్లకు గాలి: ట్యాంకును రోజూ ఖాళీ చేస్తే చాలు.

స్ప్రే పెయింటింగ్, గాలి పనిముట్లు: ఫ్రిజ్ రకం డ్రయర్, వాడే చోట ఫిల్టర్.

తేమకు చెడే మందుపొడులు, మంచు ప్రాంతాల్లో ఆరుబయట సాగే గొట్టాలు: గుళికల డ్రయర్.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8573-1 గాలి పొడితనాన్ని తరగతులుగా విభజించింది. 3 డిగ్రీల డ్యూ పాయింట్ నాలుగో తరగతి, మైనస్ 40 రెండో తరగతి, మైనస్ 70 ఒకటో తరగతి. అవసరానికి మించిన తరగతి ఎంచుకుంటే ఏటా కరెంటు బిల్లు రూపంలో కట్టాలి.

అన్నిటికంటే చవకైన వాల్వు

ఈ వ్యవస్థలో అతి తక్కువ ఖరీదున్నదీ, అతి ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ డ్రెయిన్ వాల్వు. రోజూ తిప్పడం ఎందుకని కొందరు దాన్ని కొద్దిగా తెరిచి వదిలేస్తారు. 3 మిల్లీమీటర్ల సందు ఉన్నా 7 బార్ దగ్గర నిమిషానికి 500 లీటర్లకు పైగా గాలి పోతుంది. మన లెక్కలోని చిన్న షాపు కంప్రెసర్ నిమిషానికి ఇచ్చేది 280 లీటర్లే. అంటే ఆ సందు ఒక్కటే దాదాపు రెండు కంప్రెసర్ల శ్రమను మింగేస్తుంది. నీటి మట్టం పెరిగినప్పుడే తెరుచుకునే ఆటో డ్రెయిన్ ఈ నష్టాన్ని తప్పిస్తుంది. అది పనిచేస్తోందో లేదో మాత్రం వారానికోసారి చేత్తో చూడాలి. బయటికొచ్చిన నీటిలో నూనె ఉంటుంది కనుక దాన్ని కాలువలోకి వదలకూడదు. నూనెను వేరుచేయాలి.

అసలు ఖాళీ చేయకపోతే జరిగేది ఇంకా ప్రమాదం. అడుగున నిలిచిన నీరు ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద రేకు పలచబడుతుంటుంది. ఒకనాడు మామూలు ఒత్తిడికే ట్యాంకు పగులుతుంది. పక్కన ఉన్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఒత్తిడి ట్యాంకులను నిర్ణీత కాలానికోసారి పరీక్షిస్తారు. రోడ్డు పక్క షాపులో అలాంటి పరీక్ష దాదాపు జరగదు. అక్కడ రోజంతా ఆ ట్యాంకు పక్కనే కూర్చునేది చాలాసార్లు పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడే.

కంప్రెసర్ కొనేటప్పుడు ఎన్ని హార్స్‌పవర్లు, ట్యాంకు ఎన్ని లీటర్లు అని అడుగుతాం. ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగాలి: ఇందులో నీరు ఎక్కడ దిగుతుంది, దాన్ని రోజూ ఎవరు తీస్తారు? మొదటిదానికి జవాబు అమ్మేవాడు చెప్పాలి. రెండోదానికి షాపు యజమాని ఒక మనిషి పేరు చెప్పగలగాలి. అడుగున తుప్పు కారుతున్న పాత ట్యాంకుకు మాత్రం వెల్డింగు మాటు పెట్టి కాలం గడపకూడదు. దాన్ని మార్చేయాలి. కొత్త ట్యాంకు ఖరీదు ఎంతైనా అక్కడ పనిచేసే మనిషి ప్రాణం కంటే ఎక్కువ కాదు.